గ్రాంటు చేతికొచ్చాక

2007లో కాథ్రిన్ వాసర్‌మన్ డేవిస్ అనే అమెరికన్ దాత తన నూరో పుట్టినరోజు సందర్భంగా పది లక్షల డాలర్లు పక్కన పెట్టారు. ఒక్కోదానికి పదివేల డాలర్ల చొప్పున నూరు ప్రాజెక్టులు. ప్రపంచంలో ఏ మూలనైనా సరే, కాలేజీ విద్యార్థులే ఆలోచించి, రాసి, దగ్గరుండి నడపాలి. అలా మొదలైన ‘ప్రాజెక్ట్స్ ఫర్ పీస్’ను ఇప్పటికీ వర్మాంట్ రాష్ట్రంలోని మిడిల్‌బరీ కాలేజీ నిర్వహిస్తోంది. ఆవిడ 2013లో, 106 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఇరవై ఏళ్ళ పిల్లల మీద నూరేళ్ళ మనిషి పెట్టిన నమ్మకం అది. ఇలాంటి గ్రాంట్లు ఇచ్చే విశ్వవిద్యాలయాలూ ఫౌండేషన్లూ ఇంకా ఉన్నాయి. అమెరికాలో చదువుకునే మన పిల్లలు కూడా వీటికి దరఖాస్తు చేస్తున్నారు.

గ్రాంటు ఎలా తెచ్చుకోవాలో చెప్పడానికి కాలేజీలో ఆఫీసులున్నాయి, ప్రతిపాదన దిద్దిపెట్టే ప్రొఫెసర్లున్నారు. డబ్బు వచ్చాక ఎలా మసలుకోవాలో కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు తక్కువ. ఈ అధ్యాయం దాని గురించే. గ్రాంటు తీసుకున్న విద్యార్థి ఇద్దరికి జవాబుదారీ: డబ్బిచ్చినవాళ్ళకు, పని జరిగే ఊరికి. మొదటివాళ్ళ నిబంధనలు కాగితం మీద ఉంటాయి, గడువు దాటితే గుర్తుచేసే మెయిల్ కూడా వస్తుంది. రెండోవాళ్ళ నుంచి ఏ మెయిలూ రాదు. అందుకే చాలామంది మొదటి బాధ్యతతో పని ముగిసిందనుకుంటారు. నా దృష్టిలో పెద్ద బాధ్యత రెండోదే. మొదటిది దాని లెక్క చెప్పే పద్ధతి, అంతే.

ఒక ఊరి బడిని దగ్గరగా చూద్దాం

కెన్యాలో కిటుయి అనే కౌంటీ ఉంది. నైరోబీకి తూర్పున, కంబా ప్రజలు ఎక్కువగా ఉండే మెట్టప్రాంతం. మార్చి నుంచి మే దాకా ఒక వానకాలం, అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా ఇంకో వానకాలం. నడుమ జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు దాదాపు ఉండవు. అక్కడ ఒక ప్రాథమిక పాఠశాలకు వాననీటి ట్యాంకు కట్టించాలని మీరు గ్రాంటు తెచ్చుకున్నారనుకుందాం.

ముందు లెక్క చేయండి. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు వస్తుంది. బడి మీద ‘మబాటి’ రేకులు, అంటే మనం ఇనుప రేకులనేవి, వంద చదరపు మీటర్లున్నాయనుకోండి. ఇరవై మిల్లీమీటర్ల వానకు రెండువేల లీటర్లు రావాలి. చిందిపోయింది, కారిపోయింది అయిదో వంతు తీసేస్తే పదహారు వందలు. పదివేల లీటర్ల ట్యాంకు నిండడానికి అలాంటి వానలు ఆరేడు కావాలి. నిండాక రెండు వందల మంది పిల్లలు రోజుకు రెండేసి లీటర్లు వాడితే నాలుగు వందల లీటర్లు. అంటే ఇరవై అయిదు బడిరోజులు. వానల్లేని ఆ నాలుగు నెలల్లో నెలకు కాస్త ఎక్కువ. ఈ లెక్క పావుగంట పని. కానీ దీన్ని చేసిన విద్యార్థి ఊరివాళ్ళ ముందు ‘మీ నీళ్ళ కష్టం తీరిపోయింది’ అనడు. ‘వానకాలంలోనూ, ఆ తర్వాత అయిదారు వారాలూ పిల్లలకు తాగునీరు ఉంటుంది, ఆపైన మీరు ఇప్పుడు తెచ్చుకునే చోటునుంచే తెచ్చుకోవాలి’ అంటాడు. మాట ఇచ్చేటప్పుడు ఎంత ఇవ్వగలమో అంతే ఇవ్వడం ఊరి పట్ల మొదటి బాధ్యత.

ఇప్పుడు క్యాలెండరు చూడండి. అమెరికా కాలేజీలకు సెలవులు మే చివరి నుంచి ఆగస్టు దాకా. మీరు జూన్‌లో వెళ్తారు, జూలైలో ట్యాంకు నిలబెడతారు, ఆగస్టులో ఫొటోలు తీసుకుని విమానం ఎక్కుతారు. ఆ మూడు నెలల్లో ట్యాంకులో పడేది దాదాపు ఏమీ ఉండదు. గొట్టం అతుకు కారుతుందో లేదో, రేకుల వాలు సరిగ్గా కుదిరిందో లేదో తేలేది మీరు వెళ్ళిపోయిన రెండు నెలలకు. పని జరిగే సమయాన్ని ఊరి వానలు నిర్ణయించలేదు, మీ సెమిస్టరు నిర్ణయించింది. దీన్ని మార్చడం మీ చేతిలో లేకపోవచ్చు. అందువల్ల వచ్చే లోటును పూడ్చడం మాత్రం మీ చేతిలోనే ఉంది.

అక్టోబరులో నిచ్చెన వేసుకుని ఎక్కి, గాడిలో పేరుకున్న ఆకులూ దుమ్మూ ఎవరు తీస్తారు? తొలివానకు కప్పు మీది పిట్టల రెట్టా మట్టీ కొట్టుకొస్తుంది. ఆ నీరు ట్యాంకులోకి పోకుండా పక్కకు మళ్ళించాలని ఎవరికి తెలుసు? కుళాయి తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, సెలవుల్లో ఎవరి దగ్గర ఉంటుంది? కుళాయి విరిగితే కొత్తది ఏ పట్నంలో దొరుకుతుంది, దాని ఖరీదు ఎవరు పెడతారు? ట్యాంకు కట్టిన మేస్త్రీని, అక్కడివాళ్ళు ‘ఫుండి’ అంటారు, ఏడాది తర్వాత పిలిస్తే వస్తాడా? ఈ ప్రశ్నలకు మనుషుల పేర్లతో జవాబులు ఉండాలి. ‘స్థానిక ప్రజలు చూసుకుంటారు’ అని రాస్తే ఎవరూ చూసుకోరని అర్థం.

ఆ పేర్లు మీరు నిర్ణయించేవి కావు. కెన్యాలో ప్రతి బడికీ నిర్వహణ మండలి ఉంటుంది. తల్లిదండ్రులు అందులో సభ్యులు. ఊరి చీఫ్ పిలిచే బహిరంగ సమావేశాన్ని ‘బరాజా’ అంటారు. అక్కడ కూర్చోండి, తక్కువ మాట్లాడండి. నీళ్ళు మోసేది ఆడవాళ్ళూ ఆడపిల్లలూ అయితే వాళ్ళేమంటున్నారో విడిగా వినండి. పెద్ద సభలో వాళ్ళు నోరు విప్పకపోవచ్చు. తాళంచెవి ఎవరిదో, మరమ్మతు సొమ్ము ఎవరు జమచేస్తారో మండలి తీర్మానంలో రాయించి ఒక ప్రతి తీసుకోండి. గ్రాంటు ఇచ్చినవాళ్ళు అడగకపోయినా సరే.

ఇంకో సంగతి. కిటుయి జనం మీకోసం ఖాళీ చేతులతో ఎదురుచూస్తూ లేరు. ఎండిన వాగులకు అడ్డంగా కాంక్రీటు గోడ కట్టి, దాని వెనక చేరిన ఇసుకలో నీటిని దాచుకునే ఇసుక ఆనకట్టలకు ఆ ప్రాంతం పేరుపొందింది. ‘మ్వేత్యా’ అనే తమ శ్రమదాన బృందాలతో రాళ్ళు మోసి మరీ కట్టుకున్నారు. మీ ప్రతిపాదన రాసేముందే ఆ బృందంతో మాట్లాడి ఉంటే, వాళ్ళు ట్యాంకు వద్దని, ఇసుక తవ్వే చోట చిన్న పంపు పెట్టించమని అడిగేవారేమో. అడిగాక గ్రాంటు ప్రణాళిక మార్చాల్సి వస్తే మార్చండి. ఖర్చు పెట్టకముందే దాతకు రాసి, అనుమతి తీసుకుని మార్చండి. చాలామంది దాతలు ఒప్పుకుంటారు. చెప్పకుండా మార్చడాన్ని మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

పెద్దవాళ్ళకూ తప్పలేదు

అనుభవం ఉన్న సంస్థలే ఇక్కడ బోల్తాపడ్డాయి. పిల్లలు రంగులరాట్నం తిప్పుతుంటే భూమిలోంచి నీరు పైకొచ్చే ‘ప్లేపంప్’ దక్షిణాఫ్రికాలో పుట్టింది. చూడముచ్చటైన ఆలోచన. 2006లో అమెరికాలో 1.64 కోట్ల డాలర్ల సాయం ప్రకటించారు, 2010 నాటికి నాలుగు వేల పంపులు పెట్టాలనుకున్నారు. పిల్లలు కాసేపు ఆడి వెళ్ళిపోయారు. ఆ బరువైన చక్రాన్ని తిప్పే పని ఆడవాళ్ళ మీద పడింది. పాడైతే బాగుచేసే మెకానిక్ ఊళ్ళో లేడు. ఒక్కో పంపు 2,500 మందికి నీరిస్తుందన్న మాట నిలవాలంటే దాన్ని రోజుకు 27 గంటలు తిప్పాలని గార్డియన్ పత్రిక 2009లో లెక్కకట్టింది. ఆ ఇరవై అయిదు బడిరోజుల లెక్కలాంటి చిన్న లెక్కే ఇది. ఎవరైనా ముందే కాగితం మీద వేసి ఉండాల్సింది.

బంగ్లాదేశ్‌లో జరిగింది ఇంకా బాధాకరం. చెరువు నీళ్ళతో పిల్లలు విరేచనాలతో చనిపోతున్నారని 1970ల నుంచి లక్షల గొట్టపుబావులు వేయించారు. నీరు తేటగా వచ్చింది. అందులో ఆర్సెనిక్ ఉందని 1990ల్లో గానీ లోకానికి తెలియలేదు. నీళ్ళు తేటగా ఉన్నంతమాత్రాన మంచివి కావని ఫ్లోరైడ్‌తో నడుములు వంగిన నల్గొండ జిల్లావాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బోరు వేయించే ప్రాజెక్టు ఏదైనా, ఏ దేశంలోనైనా, ప్రయోగశాల పరీక్ష ఖర్చు బడ్జెట్‌లో లేకపోతే ఆ ప్రాజెక్టు చేయకండి.

ఇంజినీర్స్ వితౌట్ బోర్డర్స్ అమెరికా శాఖ తన విద్యార్థి బృందాలను ఒక ఊరితో కనీసం అయిదేళ్ళు కలిసి పనిచేయమంటుంది, ఖర్చులో కొంత ఊరివాళ్ళూ భరించాలంటుంది. ఒక్క వేసవి గ్రాంటుతో వెళ్ళే విద్యార్థికి అయిదేళ్ళు సాధ్యం కాదు. కానీ అప్పటికే ఆ ఊళ్ళో పనిచేస్తూ, మీరు వచ్చేసిన తర్వాత కూడా అక్కడే ఉండే స్థానిక సంస్థతో కలిసి వెళ్ళడం సాధ్యమే. అలాంటి సంస్థ దొరకకపోతే ఆ ఊరు ఎంచుకోకపోవడమే మేలు.

డబ్బు లెక్క

గ్రాంటు సొమ్ము మీ సొంత ఖాతాలో, మీ నెల ఖర్చులతో కలిసిపోకూడదు. వేరే ఖాతా తెరవండి. వీలైతే పెద్ద మొత్తాలను కాలేజీనే నేరుగా చెల్లించమనండి. డాలర్లు షిల్లింగులుగా మార్చినప్పుడు ఆ రోజు మీకు వచ్చిన అసలు రేటు రాయండి, ఇంటర్నెట్‌లో చూసిన రేటు కాదు. కెన్యాలో 2007 నుంచి ఎం-పెసా ఉంది. ఇసుక బండివాడికి కూడా ఫోన్‌లోనే చెల్లించవచ్చు, ప్రతి చెల్లింపుకూ ఒక కోడ్‌తో సందేశం వస్తుంది. దాన్ని అదే రాత్రి పుస్తకంలో ఎక్కించండి. వారం తర్వాత ఆ మూడువందల షిల్లింగులు మేకులకా, మధ్యాహ్న భోజనానికా అన్నది ఎవరికీ గుర్తుండదు. రసీదు ఇవ్వలేని చిల్లర ఖర్చులకు తేదీ, పని, పుచ్చుకున్నవాళ్ళ సంతకం ఉన్న చీటీ చాలు. బడ్జెట్‌లో పదో వంతు అనుకోని ఖర్చులకు ఉంచండి. మిగిలితే తిరిగి ఇచ్చేయండి. మిగిలిందని చివరి వారంలో ఏదో ఒకటి కొనేయకండి. చేయి తడపమని అడిగేవాళ్ళు అక్కడా ఉంటారు. గ్రాంటు సొమ్ములో దానికి చోటు లేదు. పని పది రోజులు ఆలస్యమైతే అవనివ్వండి.

ఇక్కడిదాకా దాతకు చెప్పాల్సిన లెక్క. ఇదే లెక్కను ఊరికి కూడా చెప్పాలన్నది నా పట్టుదల. పదివేల డాలర్లు వచ్చాయని, అందులో మీ విమాన టికెట్టు ఇంత, ట్యాంకు ఇంత, మేస్త్రీ కూలి ఇంత అని స్వాహిలీలోనో కంబా భాషలోనో రాయించి బడి నోటీసు బోర్డు మీద పెట్టండి. టికెట్టు ఖరీదు చూపించడానికి మొహమాటపడతారు. ట్యాంకు కన్నా టికెట్టే ఎక్కువైతే ఆ మొహమాటం న్యాయమైనదే. ప్రతిపాదన దశలోనే దాని గురించి ఆలోచించాల్సింది. అయినా చూపించండి. చూపించకపోతే మీరు వెళ్ళాక అనుమానం హెడ్మాస్టరు మీదకో, మీకు తోడుగా తిరిగిన స్థానిక యువకుడి మీదకో పోతుంది. ‘ఎంతొచ్చింది, ఎంత మింగారు’ అన్న మాట పడేది వాళ్ళే. మన దగ్గర ఉపాధి హామీ పనుల మీద 2006లోనే సామాజిక తనిఖీ మొదలుపెట్టి, మస్టర్ రోల్స్, అంటే కూలీల హాజరు పట్టీలు, ఊరందరి ముందు చదివి వినిపించారు. ఆ పద్ధతి గురించి విని పెరిగిన తెలుగు విద్యార్థికి ఇది కొత్త సంగతి కాకూడదు.

పన్ను, వీసాల మాట క్లుప్తంగా. ట్యూషన్ ఫీజుకు కాకుండా ప్రయాణానికీ ఖర్చులకూ ఇచ్చిన గ్రాంటును అమెరికా పన్ను చట్టం ఆదాయంగా చూడవచ్చు. డబ్బు అందకముందే కాలేజీ ఆఫీసును రాతపూర్వకంగా అడగండి. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్ళు మూడో దేశానికి వెళ్ళేముందు ఐ-20 మీద ప్రయాణ సంతకం ఉందో లేదో, తిరిగొచ్చే రోజుకు వీసా స్టాంపు చెల్లుతుందో లేదో చూసుకోవాలి. వెళ్ళే దేశంలో పర్యాటక వీసా మీద స్వచ్ఛంద సేవ చేయవచ్చా అన్నది కూడా ముందే కనుక్కోవాలి. ఊళ్ళో సర్వే చేసి దాన్ని పరిశోధనగా ప్రచురించాలనుకుంటే కాలేజీ నైతిక సమీక్ష మండలి అనుమతితోపాటు కెన్యాలో జాతీయ పరిశోధన కమిషన్ లైసెన్సు కూడా కావాలి.

తాతగారి ఊళ్ళో చేస్తానంటే

అమెరికాలో పుట్టిన మన పిల్లలకు ‘విదేశం’ అంటే ముందు గుర్తొచ్చేది గోదావరి జిల్లాలోనో, పాలమూరులోనో ఉన్న తాతగారి ఊరే. భాష కొంత వస్తుంది, ఉండటానికి ఇల్లుంది. మంచి ఆలోచనే. కానీ ఇక్కడ ఒక చట్టం అడ్డుగా నిలబడుతుంది, దాన్ని తెలియక దాటినవాళ్ళు స్థానిక సంస్థను ఇబ్బందిలో పడేస్తారు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 ప్రకారం విదేశీ సంస్థ ఇచ్చిన డబ్బును మన దేశంలోని స్వచ్ఛంద సంస్థ తీసుకోవాలంటే కేంద్ర హోం శాఖ రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదలాయించడానికి కూడా వీల్లేదు. ‘బాబాయి ఖాతాలో వేయించి పని చేయిద్దాం’ అన్న సలహా ఇంట్లోనే వస్తుంది. బాబాయి మీద ప్రేమ ఉంటే ఆ పని చేయకండి. ముందుగా ఈ చట్టం తెలిసిన చార్టర్డ్ అకౌంటెంటును కలవండి.

బంధుత్వం వల్ల వచ్చే చిక్కు ఇంకోటి. తాతగారు ఊళ్ళో పెద్దమనిషి అయితే ఆయన వాకిట్లో కూర్చుని అడిగిన ప్రశ్నకు ఎవరూ కాదని చెప్పరు. దళితుల కాలనీలోకి వెళ్ళి, అక్కడి అరుగుల మీద కూర్చుని అడగండి. బోరు ఎవరి స్థలంలో పడుతుంది, దాని దగ్గరికి ఎవరు రాగలరు అన్నదే ఆ ఊళ్ళో అసలు ప్రశ్న కావచ్చు.

చేయకూడనివి

వైద్యవిద్యకు వెళ్ళాలనుకునే పిల్లలకు గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. అమెరికాలో సూది ముట్టుకోవడానికి అర్హత లేనివాళ్ళకు ఆఫ్రికాలోనో ఆంధ్రాలోనో ఆ అర్హత రాదు. అమెరికా వైద్య కళాశాలల సంఘం 2011లో దీని మీద మార్గదర్శకాలు ప్రకటించింది. శిక్షణ లేని పని ఎవరైనా చేయమన్నా, డాక్టరే చేయమన్నా, చేయనని చెప్పండి. దరఖాస్తులో రాసుకోవడానికి బాగుంటుందని ఒక రోగి శరీరం మీద నేర్చుకోవడం ఏ దేశంలోనైనా తప్పే.

అనాథాశ్రమాల్లో నెల రోజుల సేవ అన్న ప్రాజెక్టులకు గ్రాంటు అడగవద్దు. కంబోడియాలో ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని తేలింది. విదేశీ సందర్శకుల డబ్బు వస్తోందనే ఆశ్రమాలు పెరిగాయి. నెలకో కొత్త అక్క వచ్చి ముద్దుచేసి వెళ్ళిపోవడం ఆ పిల్లలకు మేలు చేయదు.

పిల్లల ఫొటోలు తీసేముందు తల్లిదండ్రుల అనుమతి, బడి అనుమతి, బిడ్డ ఇష్టం మూడూ కావాలి. చీమిడి ముక్కుతో, చిరిగిన చొక్కాతో ఉన్న బిడ్డ ఫొటో మీ నివేదికకు బలం ఇస్తుందనిపిస్తే, మీ చెల్లెలి ఫొటో అలా తీసి మరో దేశంలో తెరమీద చూపిస్తే మీ అమ్మ ఒప్పుకుంటుందా అని అడగండి. ఊరి పేరూ బిడ్డ పేరూ ఫొటోతో కలిపి పెట్టకండి.

చివరి నివేదిక

తుది నివేదికకు గడువు సాధారణంగా సెలవులు ముగిసిన కొద్ది వారాలకే ఉంటుంది. అంటే కిటుయి ట్యాంకులో చుక్క పడకముందే ‘విజయవంతం’ అని రాయాల్సి వస్తుంది. రాయకండి. ‘ట్యాంకు కట్టాం, ఇంకా నిండలేదు, నవంబరు చివర్లో హెడ్మాస్టరుతో మాట్లాడి అనుబంధం పంపుతాను’ అని రాయండి. పంపండి కూడా. ఆ ఫోన్ కాల్ మీ ప్రాజెక్టులో భాగం. తర్వాతి ఏడాది మార్చిలో ఇంకో కాల్.

పని చెడితే దాచకండి. ఇంజినీర్స్ వితౌట్ బోర్డర్స్ కెనడా శాఖ 2008 నుంచి తన వైఫల్యాలనే ఏటా ఒక నివేదికగా అచ్చువేసింది. ప్లేపంప్‌కు నిధులిచ్చిన కేస్ ఫౌండేషన్ కూడా అనుకున్నది జరగలేదని 2010లో బహిరంగంగా ఒప్పుకుంది. కోట్ల డాలర్ల సంస్థలు చేయగలిగిన పని మీరూ చేయగలరు. మీరు గ్రాంటు తీసుకున్న పథకంలోనే వచ్చే ఏడాది ఇంకో విద్యార్థి అదే కౌంటీకి వెళ్ళవచ్చు. వెళ్ళేముందు అతను చదవాల్సింది మీ నివేదికే. కారిన అతుకు, విరిగిన కుళాయి, మీరు అడగడం మరిచిపోయిన మనిషి, అన్నీ అందులో ఉండేలా రాయండి.